రంగం మేస్త్రీ నీటి విమానం

నిన్న మధ్యాహ్నం కొట్లో బేరాల్లేని వేళ, మా దగ్గర పనిచేసే దివ్య కుట్టు మిషన్ల వెనక గోడవారన కూర్చుని గోళ్ళకు రంగు వేసుకుంటోంది. నేను టార్పాలిన్ల కట్ట మీద ఒక కునుకు తీద్దామని తల వాల్చానో లేదో, ఆ వాసన వచ్చి ముక్కుకు తగిలింది. ఘాటుగా, కొంచెం తియ్యగా, బాగా మగ్గిన అరటిపండు మీద స్పిరిటు పోసినట్టుండే వాసన. ఈ కాలం పిల్లలకు అది గోళ్ళ రంగు వాసన. నాకు మాత్రం అది విమానం రెక్క వాసన. పైకి చెబితే ముసల్దానికి మతి చలించిందంటారని ఎన్నడూ అనలేదు. నిన్న మాత్రం కునుకు మాట మరిచిపోయి లేచి కూర్చున్నాను. కోప్పడతాననుకుందో ఏమో, దివ్య గబుక్కున సీసా మూత పెట్టి చేతులు వెనక్కి దాచుకుంది. ఆ పిల్ల అత్తవారింటి నుంచి వచ్చేసి నెలలవుతోంది. ఎందుకొచ్చావని నేనడగలేదు. అడగకపోవడం నాకు నేర్పిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన గురించే ఇదంతా.

ఇప్పుడు విజయనగరంలో ఈ టార్పాలిన్ల కొట్టు నడుపుకుంటున్నాను గానీ నాది సాలూరు. మా ఊరంటే లారీలు. కొండల మీది ఘాటీ ఎక్కి జైపూరు, రాయపూరు పోయే లారీల మీద ఊరంతా బతికేది. మా ఊళ్ళో పసివాడు అమ్మా అనడం కంటే ముందు హారను మోత నేర్చుకుంటాడని బయటివాళ్ళు వేళాకోళమాడేవారు. అబద్ధమూ కాదు. అరవైల చివర్లో, ఇరవై ఏళ్ళయినా నిండకముందే, నన్నొక లారీ డ్రైవరుకిచ్చి చేశారు. పెళ్ళయిన రెండో ఏడు ఆయన రాయపూర్లో ఇంకో కాపురం పెట్టాడు. ఇంకే ఊళ్ళోనైనా ఇలాంటి సంగతి కొన్నాళ్ళు గుట్టుగా ఉండేదేమో. సాలూరులో ఇంటికో డ్రైవరు, వీధికో క్లీనరు. రాయపూర్లో వెలిగించిన పొయ్యి పొగ ఘాటీ దిగి మా వీధిలోకి రావడానికి ఎన్నో రోజులు పట్టలేదు.

మా ఊరి లారీలకు ఒక మర్యాద ఉండేది. కొత్త బాడీ కట్టించుకున్న లారీ మొదటి ప్రయాణం పట్టపగలు, సన్నాయి మేళంతో సాగుతుంది. దారిలో విరిగిపోయిన లారీ, బోల్తా పడిన లారీ మాత్రం ఊళ్ళోకి వచ్చేది చీకటి పడ్డాకే. తాడు కట్టి లాక్కొచ్చి, ఊరి బయట చింతతోపులో పొద్దుగూకే దాకా ఆపి ఉంచేవారు. పగలు తెస్తే ఓనరు పరువూ పోతుంది, ఆ బాడీ కట్టిన మేస్త్రీ పరువూ పోతుంది. నేను అత్తవారి ఊరి నుంచి పుట్టింటికి తిరిగొచ్చిన రోజున మా అమ్మ నన్ను బస్సులోంచి ఆ తోపు దగ్గరే దింపేసింది. ట్రంకు పెట్టె మీద కూర్చోబెట్టి, చీకటి పడే దాకా పక్కన నిలబడి, అప్పుడు ఇంటికి తీసుకెళ్ళింది. ఆవిణ్ణి తప్పుపట్టను. ఆవిడకు తెలిసిన మర్యాద అదే. ఆ రోజు నుంచి నేను నీళ్ళకు వెళ్ళినా, కొట్టుకు వెళ్ళినా మసక చీకట్లోనే. పగలు మనుషులు కనిపిస్తే నాకే తప్పూ లేదని తెలిసి కూడా చెంపలు కాలిపోయేవి. సిగ్గుకి న్యాయం తెలియదు. చేసినవాణ్ణి వదిలేసి పడ్డవాళ్ళ ఇంట్లో కాపురముంటుంది.

ఇలా కొన్నాళ్ళయ్యాక మా అమ్మ నన్ను రంగం మేస్త్రీ షెడ్డుకు తీసుకెళ్ళింది. రంగం అంటే రంగూన్. మా వైపు పాతవాళ్ళు అలాగే అనేవారు. ఆయన అసలు పేరు అప్పలస్వామి. చిన్నతనంలోనే రంగం వెళ్ళి, అక్కడ ఓడరేవులో వడ్రంగం చేసి, రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ బాంబులు పడితే కాలినడకన తిరిగొచ్చాడు. సాలూరులో లారీలకు చెక్క బాడీలు కట్టే షెడ్డు పెట్టాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచన, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. షెడ్డులో బాడీలతో పాటు లారీల మీద కప్పే టార్పాలిన్లు కూడా కుట్టించేవాడు.

"గుంట ఇంట్లో కూకుని కుల్లిపోతన్నాది బాబూ. కుట్టుపని బాగా వచ్చు దీనికి" అంది మా అమ్మ.

మేస్త్రీ నా మొహం చూడలేదు, చేతులు చూశాడు. ఎందుకొచ్చేశావనీ అడగలేదు. "ఎదర కూకుంటావా, ఎనక కూకుంటావా?" అన్నాడు. ముందు వైపు మెయిన్‌రోడ్డు, వచ్చే పోయే లారీలు. వెనక వైపు గోడ.

"ఎనకే బాబూ."

"ఎనక ఎలుగుండదే. కల్లు పాడైపోతాయి." అని చెవి మీది పెన్సిలు తీసుకుని, "సర్లే, నీ ఇష్టం. ఎదరకి రావాలనిపిస్తే నన్నడక్కర్నేదు, మిషను నువ్వే జరుపుకో" అని తన పనిలోకి వెళ్ళిపోయాడు.

ఆయన గురించి ఊళ్ళో ఒక వేళాకోళం ఉండేది. మేస్త్రీ చేతికి సుత్తిస్తే బాడీ కడతాడు, టీ ఇస్తే విమానం కడతాడు అనేవారు. టీ తాగినప్పుడల్లా రంగంలో చూసిన నీటి విమానం సంగతి ఎత్తేవాడు మరి. నదిలో దిగే విమానం, చక్రాలుండవు, కింద పడవలుంటాయి. అది వచ్చి నీళ్ళను చీల్చుకుంటూ దిగినప్పుడు రేవులో కూలీలంతా పని ఆపేసి నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళట. దాని పడవలకు దెబ్బ తగిలితే చెక్కలు మార్చడానికి ఒకటి రెండు సార్లు ఈయన్నీ పిలిచారు. అందరికీ అంతవరకే తెలుసు. మిగతాది నేను వెనక గోడవారన కూర్చుని కుడుతుండగా, ఒక మధ్యాహ్నం చద్దన్నం తింటూ నాకు చెప్పాడు.

"బాంబులు పడ్డ రోజుల్లో దొరలు దాన్లో ఎక్కి ఎలిపోనారు. మాం నడిసినాం. కొండలే, అడివే, వానే. మా ఇంటిది దారిలో జొరంతో పడిపోనాది. కిందన సెరువు కనపడతన్నాది నాకు, ఇంత పెద్ద సెరువు. ఆ విమానం ఒక్కసారి ఇక్కడ దిగితే సాలు గదా అనుకుంటా కూకున్నాను. అది దిగనేదు. మా ఇంటిది పోనాది." అని చేయి కడుక్కున్నాడు. "పెద్ద విమానానికి మైదానం కావాలే పైడీ. మన కాడ మైదానాలెక్కడున్నాయి? సెరువులైతే ఊరికొకటున్నాది."

అప్పటి నుంచి నేను ఆ విమానం మాటకు నవ్వడం మానేశాను.

మా ఊరికి కొంచెం దూరంలో సాగరమనే పెద్ద చెరువుంది. మా వైపు పెద్ద చెరువుల్ని సాగరాలంటారు, సముద్రం చూసొచ్చినవాళ్ళు నవ్వుకున్నా సరే. మేస్త్రీ ముందు చిన్న చిన్న బొమ్మ విమానాలు చేసి ఆ చెరువులో వదిలేవాడు. తర్వాత ఒక మనిషిని మోసే పడవకాళ్ళు రెండు చేసి, వాటి మీద తనే నిలబడి, పడి, తడిసి వచ్చేవాడు. అప్పుడు సన్యాసినాయుడు ఇందులో చేయి పెట్టాడు. నాయుడంటే ఊళ్ళో ఎక్కువ లారీలున్న ఓనరు, మేస్త్రీకి పెద్ద బేరం. మనిషి మంచివాడే, నోరు మాత్రం బ్రేకులు ఫెయిలైన బండి. యుద్ధం నాటి జీపు ఇంజనొకటి తన దగ్గర మూలపడి ఉందని, "కట్టు మేస్త్రీ, సూసేద్దాం. జైపూరు రాజుకి కూడా నేదు అలాటిది" అని పంపించాడు. షెడ్డు సగం ఖాళీ అయింది, విమానం మొదలైంది.

రెక్కలకు వెదురూ తేలిక కర్రా. వాటి మీద బట్ట కప్పి కుట్టే పని నాది. తెల్లటి మంచి నేత బట్ట తెప్పించాడు. బట్ట ఢంకాలాగా బిగుసుకోవాలి, లేకపోతే గాలి పట్టదన్నాడు. మొదట గంజి పెట్టాం. మన ఆడవాళ్ళ తెలివి అంతే కదా, బిగుసుకోవాలంటే గంజే. బ్రహ్మాండంగా బిగుసుకుంది. తెల్లారి వచ్చి చూస్తే ఎలుకలు ఒక రెక్క అంచంతా పలహారం చేసేశాయి. నేను ఏడుపు మొహంతో నిలబడితే మేస్త్రీ పగలబడి నవ్వాడు. "నానూ ఎర్రోణ్ణేనే. నీల మీద దిగే దానికి గంజేటి? దిగీ దిగగానే సెరువంతా గంజైపోదేటి!" అన్నాడు. అప్పుడు లారీలకు కొట్టే రంగులో కలిపే మందు తెచ్చి బట్ట మీద పూతలు పూశాం. ఆరిందంటే వేలితో తడితే డప్పులా మోగేది. షెడ్డంతా ఆ ఘాటు వాసన. నా చేతులకు, జుట్టుకు, అన్నం ముద్దకు కూడా అదే వాసన. ఇంటికెళితే మా అమ్మ ముక్కు మూసుకునేది. నాకు మాత్రం ఆ వాసన బాగుండేది. చాన్నాళ్ళ తర్వాత నా వంటికి నా కష్టం తాలూకు వాసన ఒకటి వచ్చింది.

చూడ్డానికి జనం రావడం మొదలుపెట్టారు. నేను వెనకే కూర్చునేదాన్ని, అయినా పని అంతా రెక్కల మీదే కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ముందుకు రావలసి వచ్చేది. "ఇది ఎవులు కుట్టినారు?" అని ఎవరైనా అడిగితే మేస్త్రీ "మా పైడి" అని గట్టిగా చెప్పేవాడు. ఫలానా డ్రైవరు పెళ్ళాం అనేవాడు కాదు, ఫలానావాడు వదిలేసిన పిల్ల అనేవాడు కాదు. నేను తల వంచుకుని కుట్టు వేసుకునేదాన్ని. లోపల మాత్రం ఎవరో దీపం వెలిగించినట్టుండేది.

అసలు చిక్కు ప్రేమతో వచ్చింది. సాలూరు బాడీ అంటే అటు రాయపూరు దాకా పేరు, విరగదని. ఎంత బరువు వేసినా విరక్కుండా కట్టడం మావాళ్ళ రక్తంలో ఉన్న విద్య. విమానం చూడ్డానికొచ్చిన ప్రతి ఓనరూ, ప్రతి మేస్త్రీ ఒక చేయి వేసి ఊపి చూసేవాడు. "ఇది కదల్తన్నాది మేస్త్రీ, ఇక్కడొక ఇనప పట్టీ ఎయ్యి" అనేవాడు. అనడమే కాదు, మర్నాడు పట్టీ కొట్టించి పట్టుకొచ్చేవాడు. నా తరఫున ఇది ఉండాలి అని ఇంకొకడు బోల్టులు. ఒకాయన ఇత్తడి హారను బిగించాడు. ఆకాశంలో ఎవరు అడ్డొస్తారని హారనో ఆ దేవుడికే తెలియాలి. పేరు రాసిన చెక్క ఒకటి, అమ్మవారి పటానికి ఫ్రేము ఒకటి, ముందు దీపాలు రెండు. ఒక రోజు జనం వెళ్ళాక మేస్త్రీ తోకని రెండు చేతులతో ఎత్తబోయి, ఎత్తలేక, అలాగే పట్టుకుని నిలబడిపోవడం చూశాను.

"బరువైపోనాది కదా బాబూ? కొన్ని తీసేద్దాం" అన్నాను.

"ఎలగ తీస్తామే? పెళ్ళికి సదివించినోల్లకి సదివింపులు తిరిగిచ్చీగలమేటి?" అన్నాడు. నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు.

వానలు తగ్గి సాగరం నిండుగా ఉన్న కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున్న ముహూర్తం పెట్టారు. విమానాన్ని విప్పి లారీ మీద చెరువుకు తీసుకెళ్ళి అక్కడ బిగించాం. గట్టు నిండా జనం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బళ్ళు కట్టుకుని మరీ వచ్చారు. బఠాణీలు అమ్మేవాళ్ళు, సన్నాయి మేళం. మా అమ్మ కూడా వచ్చింది. నేను సూదీ దారం, కొంత బట్ట పట్టుకుని నీటి ఒడ్డున నిలబడ్డాను, అవసరమొస్తే అతుకు వేయడానికి. అంత జనంలో అంత వెలుతురులో నిలబడటం తిరిగొచ్చాక నాకదే మొదటిసారి. కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయలు కట్టారు. మేస్త్రీ ఎక్కి కూర్చున్నాడు. విమానం ముందున్న పంకా తిరిగింది. ఆ మోతకు కొంగలన్నీ లేచిపోయాయి.

విమానం బయల్దేరింది. నీళ్ళు రెండు వైపులా లేచాయి. గట్టు మీద జనం ఓ అని అరిచారు. ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది. లేవలేదు. తిరిగి వచ్చింది. లేవలేదు. ఇంజను గొంతు చించుకుంటోంది, పడవకాళ్ళు మాత్రం నీళ్ళని వదల్లేదు. ఇంకోసారి తిరిగే చోట ఒక పడవకాలి ముక్కు నీళ్ళలోకి దిగబడి, మొత్తం పక్కకు ఒరిగి, రెక్క చివర నీళ్ళలో పడి బట్ట పరపరా చిరిగింది. ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో గట్టు మీంచి ఎవడో "ఒరే, రంగం మేస్త్రీ పడవ కట్టినాడ్రా!" అని అరిచాడు. అంతే, గట్టు గట్టంతా నవ్వింది. బఠాణీలవాడు కూడా నవ్వాడు. అంతమంది ఒక మనిషిని చూసి నవ్వడం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. ఇప్పటికీ సినిమా హాల్లో జనమంతా ఒక్కసారి నవ్వితే నేను లేచి బయటికి వచ్చేస్తాను.

కొందరు గుండెల్లోతు నీళ్ళలోకి దిగి విమానాన్ని ఒడ్డుకు లాగారు. మేస్త్రీ దిగాడు. పంచె తడిసి కాళ్ళకు అంటుకుపోయింది, భుజం మీద నాచు. అప్పుడు సన్యాసినాయుడు ముందుకొచ్చాడు. ఆయనకు మేస్త్రీని ఎలాగైనా ఒడ్డున పడేయాలని ఉంది, అది నాకు ఈ రోజున అర్థమవుతుంది. చిరిగిన రెక్కని పట్టుకుని, అందరికీ వినపడేలా అన్నాడు: "మేస్త్రీ తప్పేటి నేదు. బట్ట సిరిగిపోనాది, సూడండి. మొగుడొగ్గేసిన దాని సేత రెక్క కుట్టిస్తే ఎగురుతాదేటి?"

గట్టు మీద గుసగుసలు మొదలయ్యాయి. "నిజివే", "నానప్పుడే అనుకున్నాను" అన్న మాటలు నా చెవిన పడ్డాయి. మా అమ్మ నా కొంగు పట్టుకుని, "పద, పద, ఇంటికెలిపోదాం" అని లాగుతోంది. నేను కదల్లేదు. భూమి నోరు తెరిస్తే బాగుండునని కథల్లో అంటారు, నేను నిజంగా కిందకు చూశాను. అందరి చూపులూ మేస్త్రీ మీదున్నాయి. ఆయన ఊ అనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకుంటే తప్పు బట్టది, నాది. ఆయన చేతి మీద నమ్మకం చెక్కుచెదరదు, రేపటి నుంచి లారీలు యథాప్రకారం షెడ్డుకొస్తాయి.

ఆయన భుజం మీద నాచు తీసి కింద పడేశాడు.

"నాయుడూ, బట్ట నీల్లో పడ్డాక సిరిగింది. అంతకు ముందే అది ఎగరనేదు, అందరూ సూసినారు. బరువెక్కువైపోనాది. అంతే."

నాయుడి మొహం మారింది. "బరువంటే? మాం ఇచ్చిన పట్టీల వల్లనంటావేటి?"

"పట్టీలు మీవి. ఒద్దనాల్సిన నోరు నాది. నానన్నేదు. తప్పు నాది." అని నా వైపు తిరిగాడు. "కుట్టు ఒక్కటీ ఊడనేదు సూడండి. సిరిగింది బట్ట. కుట్టు అలాగే ఉన్నాది."

నిజమే. బట్ట చిరిగిన చోట కూడా నా కుట్టు వెదురును పట్టుకునే ఉంది. జనం మెల్లగా చెదిరిపోయారు, పండగ పాడైందన్నట్టు.

రెక్కలు విప్పి లారీకెక్కించాక నాయుడు కొంచెం చల్లబడి, మర్యాద ప్రకారం, "తోపులో పెట్టిద్దాం మేస్త్రీ. పొద్దుగూకినాక తోలించేస్తాను" అన్నాడు. అది దయతో అన్న మాటే.

"ఇప్పుడే ఎల్దాం" అన్నాడు మేస్త్రీ.

"పట్టపగలా?"

"పగలే."

అప్పుడు నేను నోరు తెరిచాను. నాకోసమే తెరిచాను, ఆయన కోసం కాదు. "బాబూ, నీకు దండం పెడతాను. సీకటి పడనీ. నాకు సిగ్గుగా ఉన్నాది" అన్నాను. కన్నీళ్ళు ఆగలేదు.

"నాకు మాత్రం నేదనుకున్నావేటే?" అన్నాడు. తడి పంచె అంచు పిండుకున్నాడు. "సచ్చిపోయినంత సిగ్గుగా ఉన్నాది. అయితే ఈయేళ సీకట్లో ఎల్తే, రేపు కూడా సీకటి పడ్డాకే బయటికి రావాల. ఎల్లుండీ అంతే. ఎన్నాల్లే అలగ?"

లారీ వెనక రెక్కల పక్కన కూర్చున్నాడు. నేనూ ఎక్కాను. మా అమ్మ ఎక్కలేదు, వెనక బండిలో వస్తానంది. మధ్యాహ్నపు ఎండలో మెయిన్‌రోడ్డు పొడుగునా విరిగిన విమానంతో వెళ్ళాం. నేను కొంగుతో మొహం కప్పుకున్నాను. కొంగు సందులోంచి అరుగుల మీద మనుషులు కనిపించేవారు. డ్రైవర్లు కూర్చునే టీ కొట్టు ముందు మేస్త్రీ క్యాబిను మీద చరిచి లారీ ఆపించాడు. నేను కొంగు ఇంకా ముందుకు లాక్కున్నాను. దిగి, రెండు టీలు చెప్పి, ఒకటి నాకు అందించాడు. ఆయన తన గ్లాసుతో ఎండలోనే నిలబడ్డాడు.

"ఏటి మేస్త్రీ, ఎగిరిందేటి?" అన్నాడొకడు, తెలిసి తెలిసి. పక్కవాళ్ళు నవ్వాపుకుంటున్నారు.

"నేదురా. ఎగరనేదు" అన్నాడు మేస్త్రీ. ఎంత మామూలుగా అన్నాడంటే, వాడు నవ్వు మాని పక్కకు జరిగాడు. "బల్ల మీద కూకో మేస్త్రీ, ఎండలో నిలబడ్డావు" అన్నాడు. నేను టీ తాగాలంటే కొంగు తీయక తప్పలేదు. తీశాను.

దాని తర్వాత అంతా బాగైపోయిందంటే అబద్ధం చెప్పినట్టే. నాయుడు ఇంజను తీసుకుపోయాడు, చాన్నాళ్ళు షెడ్డు వైపు రాలేదు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ తగ్గారు. బరువు లెక్క తెలియని మేస్త్రీ దగ్గర బాడీ ఏం కట్టిస్తామన్నారు. తనే ఒప్పుకున్నాడు కదా! కొన్ని నెలలు షెడ్డులో టార్పాలిన్ల పనే దిక్కయింది. పడవకాళ్ళు సాగరంలో నాచు తీసేవాళ్ళు అడిగి తీసుకున్నారు. మేస్త్రీ మాత్రం రోజూ పొద్దున్నే చేతిసంచి పట్టుకుని బజారులో అందరిలాగే కూరలు బేరమాడేవాడు. ఎవరైనా విమానం మాట ఎత్తితే ఎగరలేదనేవాడు. కొన్నాళ్ళకు జనానికి విసుగు పుట్టింది. ఒప్పేసుకున్నవాణ్ణి ఎంతకాలమని ఏడిపిస్తారు?

ఎండాకాలం మొదట్లో మా ఆయన లారీ షెడ్డు ముందుకొచ్చి ఆగింది. అంతకు ముందు కూడా రెండు మూడు సార్లు వచ్చింది, అప్పుడు నేను వెనక తలుపు నుంచి ఇంటికి పారిపోయాను. ఈసారి టార్పాలిన్ కావాలట. మేస్త్రీ చెక్కను నున్నగా రందా పడుతున్నవాడల్లా ఆగి నా వైపు చూశాడు. వెళ్ళమనలేదు, ఉండమనలేదు. నేను టేపు తీసుకుని బయటికి వెళ్ళాను. ధైర్యంతో వెళ్ళానని మాత్రం అనను. లారీ పొడుగు కొలిచాను, వెడల్పు కొలిచాను, బాడీ ఎక్కి ఎత్తు కొలిచాను. రోడ్డంతా చూస్తోంది. మా ఆయన బీడీ వెలిగించుకోబోయి పుల్ల మీద పుల్ల గీస్తున్నాడు. "ఎప్పుడు కావాల?" అన్నాను. "నీకు... మీకు ఎప్పుడు ఈలైతే అప్పుడే" అన్నాడు, నేల చూసుకుంటూ. ఆ సిగ్గు ఇన్నాళ్ళూ నా దగ్గరుంది, తన అసలు యజమాని ఇంటికి అదే దారి వెతుక్కుని వెళ్ళింది. అంతా వెళ్ళలేదు, కొంత నా దగ్గర మిగిలింది. ఆ సాయంత్రం నేను మిషను ముందుకు జరుపుకున్నాను. మేస్త్రీ నా మీద ఎండ పడకుండా ఒక పాత టార్పాలిన్ ముక్క కట్టి వెళ్ళిపోయాడు.

ఏళ్ళు గడిచాయి. లోకం ఎంత చిత్రమైందంటే, నవ్విన గట్టే తర్వాత ఆ విమానాన్ని మాటల్లో ఎగరేసింది. ఊరికి ఒక గొప్ప కావాలి కదా. జానెడు లేచిందని ఒకరు, మనిషెత్తు లేచిందని ఇంకొకరు. మేస్త్రీ ముసలివాడయ్యాక ఒక బడి పండగకు పిలిచి దండ వేశారు. చెరువు మీంచి విమానం ఎగరేసిన మన ఊరి మహనీయుడు అని ఒకాయన గొంతెత్తి చెప్పాడు. ఆయన్ని చేయి పట్టుకుని తీసుకెళ్ళింది నేనే. మైకు ముందు నిలబడి, "ఎగరనేదండి" అన్నాడు. ఎంత వినయమో అని జనం చప్పట్లు కొట్టారు. మళ్ళీ "నిజంగా ఎగరనేదండి" అన్నాడు. ఇంకా గట్టిగా కొట్టారు. వచ్చి కూర్చుని నా చెవిలో, "నిజం సెప్తే అప్పుడు నవ్వినారు, ఇప్పుడు సప్పట్లు కొడతన్నారు. వినీవోడు మాత్రం ఒక్కడూ నేడే" అన్నాడు. ఆ ఏడు చలికాలంలోనే పోయాడు.

నిన్న ఇదంతా దివ్యకు చెప్పాను. పూర్తిగా కాదు, రెక్క వాసన దాకా చెప్పాను. దాని కళ్ళు పెద్దవయ్యాయి.

"ఒలమ్మో, ఆ ఇమానం నువ్వు కుట్టినావా అమ్మా? మా తాత సెప్పీవోడు, తాడిసెట్టంత ఎత్తు లెగిసిందంట కదా?"

దాచను, నాకు ఆశ పుట్టింది. అది ఎగిరితే నా కుట్టూ ఎగిరినట్టే. ఆ గట్టు మీద విన్న మాట అబద్ధమైనట్టే. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ నవ్వు గుర్తొచ్చి చెంపలు వేడెక్కాయి. కాదనడానికి బతికున్నవాళ్ళు కూడా ఎవరూ లేరు.

"నేదే. ఎగరనేదు" అన్నాను. "నానక్కడే ఉన్నాను."

దివ్య రంగు సీసాని చేతిలో తిప్పుతోంది. మొగుడి దగ్గర్నుంచి వచ్చేసినదానికి సోకులేమిటని పక్క కొట్టువాళ్ళు అంటారనే అది గోడవారన కూర్చుందని నాకు తెలుసు.

"ఎనకెందుకే?" అన్నాను. "ఎదరకొచ్చి కూకుని ఏసుకో. ఎలుగుంటాది."